స్కాన్ నార్మల్ వస్తే మరి గుండీలు ఎందుకు పెట్టుకోలేకపోతున్నాడు? డీసీడీ, మెదడు కనెక్షన్ల గురించి

ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదేళ్ల బాబు. చదువులో చురుకు, మాటల్లో ఇంకా చురుకు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే పావుగంట పడుతుంది. అందరూ పేజీ రాసేసరికి సగం కూడా రాయలేడు. బంతి విసిరితే చేతులు మూసేలోపే అది ఛాతీకి తగిలి కింద పడుతుంది. డాక్టరు చూసి డీసీడీ, అంటే డెవలప్‌మెంటల్ కో-ఆర్డినేషన్ డిజార్డర్ అన్నారు. వయసుకి తగ్గట్టు కదలికలు పొందికగా కుదరకపోవడం అన్నమాట. ఆ తర్వాత బంధువుల్లో ఒకరు "ఇలాంటి పిల్లలకి మెదడులో కనెక్షన్లు వీక్‌గా ఉంటాయట" అన్నారు. అప్పట్నుంచీ ఆవిడకి నిద్ర లేదు. ఎం.ఆర్.ఐ. తీయించాలా? ఆ కనెక్షన్లు బాగుపడే ఎక్సర్‌సైజులు ఉన్నాయా? పెద్దయ్యేసరికి పోతుందా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఎం.ఆర్.ఐ. అక్కర్లేదు. పరీక్ష చేసిన డాక్టరుకి వేరే జబ్బు అనుమానం ఉంటేనే తీయించాలి. డీసీడీ ఉందో లేదో ఈ రోజుకి ఏ స్కానూ చెప్పలేదు. కనెక్షన్లలో తేడా అన్న మాట అబద్ధం కాదు, కానీ మీరు ఊహించుకుంటున్నట్టు ఎక్కడో తీగ తెగిపోలేదు. చాలామంది పిల్లల స్కాన్లు కలిపి సగటు తీస్తే బయటపడే సన్నటి తేడా అది. కనెక్షన్లని విడిగా బాగుచేసే ఎక్సర్‌సైజు ఏదీ లేదు. బాబుకి ఏ పని రావడం లేదో ఆ పనినే, వాడు తన బుర్రతో దారి వెతుక్కునేలా నేర్పడం పనిచేస్తుంది. పూర్తిగా పోతుందా అంటే, చాలామందిలో కొంత మిగులుతుంది. అయినా వాళ్లు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, బాగా బతుకుతారు.

నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేదాన్ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. నేను చెప్పేదాంట్లో పరిశోధనల్లో తేలినది కొంత, నా గదిలో పిల్లలతో కూర్చుని నేర్చుకున్నది కొంత.

స్కాన్ వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో ఒక కేసుతో చెప్తాను. కొన్నేళ్ల క్రితం తొమ్మిదేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. నా దగ్గరికి రాకముందే ఒకచోట ఎం.ఆర్.ఐ. తీయించారు. రిపోర్టు నార్మల్. వాళ్ల నాన్న ఆ కవరు నా టేబుల్ మీద పెట్టి, పిల్లాడు పక్కనే ఉండగానే, "చూడండి మేడమ్, మెదడులో ఏ లోపమూ లేదు. అంటే వీడిది ఒట్టి బద్ధకమే కదా" అన్నారు. ఆ అబ్బాయి తల దించుకుని షూలేసుతో ఆడుకుంటున్నాడు. ఆ లేసు ముడి వాళ్లమ్మ వేసింది. తొమ్మిదేళ్లొచ్చినా ముడి వేసుకోవడం రాదు, వస్తే వేసుకోడా? నార్మల్ రిపోర్టు ఆ ఇంటికి ధైర్యం ఇవ్వాల్సింది పోయి, పిల్లాడి మీద నేరం మోపడానికి సాక్ష్యమైంది. ఆ తండ్రి చెడ్డవాడేమీ కాదు. ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

విషయం ఏమిటంటే, ఆస్పత్రిలో మామూలుగా తీసే ఎం.ఆర్.ఐ. గడ్డలు, రక్తస్రావం, దెబ్బలు, పుట్టుకతో వచ్చిన పెద్ద లోపాలు వెతకడానికి. డీసీడీ పిల్లల్లో అది నార్మల్‌గా రావడమే మామూలు. పరిశోధకులు మాట్లాడే "కనెక్టివిటీ" చూడాలంటే స్కాన్ తీసే పద్ధతి వేరు, లెక్కలు వేరు. ఆ లెక్కలు కూడా ఒక్క పిల్లాడి గురించి ఏమీ తేల్చలేవు.

కనెక్టివిటీ అన్న ఒక్క మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, దారి ఎలా ఉంది. రెండోది, రాకపోకలు ఎలా ఉన్నాయి.

దారి అంటే నాడీ తంతువుల కట్టలు. వాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. మంచి తొడుగున్న లావుపాటి తంతువులో కబురు సెకనుకి వంద మీటర్ల దాకా పోగలదు. తొడుగు లేని సన్నటి తంతువులో సెకనుకి మీటరు అటూఇటూ. ఈ కట్టలున్న భాగం తెల్లగా కనిపిస్తుంది కాబట్టే దాన్ని వైట్ మ్యాటర్ అంటారు. డీటీఐ అనే స్కాన్ పద్ధతి ఈ కట్టల్లో నీటి అణువులు ఎటు కదులుతున్నాయో కొలుస్తుంది. కట్ట పొడవునా నీరు తేలిగ్గా కదులుతుంది, అడ్డంగా కదల్లేదు. ఆ తేడాని బట్టి కట్ట ఎంత పొందికగా ఉందో ఒక అంకెగా అంచనా వేస్తారు. గమనించండి, కొలిచేది నీటి కదలికని. కనెక్షన్ బలాన్ని నేరుగా కొలవడం కాదు. రెండు కట్టలు ఒకదాన్నొకటి దాటే చోట కూడా ఆ అంకె తగ్గుతుంది. అంకె తక్కువ వచ్చిందంటే దారి పాడైందని అర్థం కాదు.

రాకపోకల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. మనిషి ఏ పనీ చేయకుండా స్కానర్‌లో పడుకున్నా, చేతుల్ని కదిలించే కుడి, ఎడమ మోటార్ ప్రాంతాల సిగ్నల్ కలిసి పెరుగుతోంది, కలిసి తగ్గుతోంది. కలిసి పనిచేసే ప్రాంతాలు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఒకే తాళానికి ఊగుతున్నాయన్నమాట. రెస్టింగ్ స్టేట్ కనెక్టివిటీ అని ఇప్పుడు అంటున్నదంతా అక్కడ మొదలైందే. ఇక్కడా కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, నాడీకణాల మాటల్ని నేరుగా కాదు.

ఇప్పుడు డీసీడీ పిల్లల్లో ఏం కనిపించిందో చూద్దాం. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ జ్వికర్ (ఆవిడా ఆక్యుపేషనల్ థెరపిస్టే) బృందం 2012లో డీటీఐ చేసి చూస్తే రెండు దారుల్లో తేడా కనిపించింది. మెదడు నుంచి వెన్నుపాముకి కదలిక ఆజ్ఞలు తీసుకెళ్లే కార్టికోస్పైనల్ దారి ఒకటి. మెదడు మధ్యలో ఉండే థాలమస్ నుంచి వెనక భాగానికి ఇంద్రియ సమాచారం చేరవేసే దారి రెండోది. అంటే ఆజ్ఞ వెళ్లే దారిలోనూ, కబురు వచ్చే దారిలోనూ. 2014లో కాల్గరీ పరిశోధకులు రెండు అర్ధగోళాల్ని కలిపే కార్పస్ కాలోజమ్‌ని చూశారు. డీసీడీ పిల్లల్లో పెరైటల్ లోబ్‌ల్ని (తల పైభాగం కింద, కాస్త వెనగ్గా ఉండే ప్రాంతాల్ని) కలిపే భాగంలో, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లల్లో ముందు భాగాల్ని కలిపే చోట, రెండూ ఉన్న పిల్లల్లో రెండు చోట్లా తేడా కనిపించింది. అదే ఏడాది ఇంకో అధ్యయనంలో కదలికల ఆజ్ఞలిచ్చే మోటార్ కార్టెక్స్‌కీ, కదలికలు నేర్చుకోవడంలో పాలుపంచుకునే ఇతర ప్రాంతాలకీ మధ్య తాళం కొంత తక్కువగా కలుస్తోందని తేలింది.

వీటిలో తొలి అధ్యయనాలు చాలా చిన్నవి. 2012 నాటి దాంట్లో ఒక్కో గుంపులో పదిమంది పిల్లలు కూడా లేరు. తర్వాత పెద్దవి వచ్చాయి, కానీ అన్నిట్లోనూ ఒకే చోట తేడా రాలేదు.

ఇంకో చిక్కు ఉంది, నాకిది చాలా ముఖ్యమైనది. స్కానర్‌లో తల కొంచెం కదిలినా కనెక్టివిటీ లెక్కలు తారుమారవుతాయి. మిల్లీమీటరులో చిన్న వంతు కదిలినా దూరపు ప్రాంతాల మధ్య కనెక్షన్లు ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తాయని 2012లోనే పరిశోధకులు హెచ్చరించారు. కదలకుండా ఉండటం ఏ పిల్లలకి అన్నిటికంటే కష్టమో ఆలోచించండి. అందుకే మంచి అధ్యయనాల్లో పిల్లలకి ముందు ఉత్తుత్తి స్కానర్‌లో పడుకోవడం అలవాటు చేస్తారు, తల కదిలిన భాగాల్ని లెక్కలోంచి తీసేస్తారు. ఈ జాగ్రత్తలేవీ లేకుండా ఎవరైనా "మీ పిల్లాడి బ్రెయిన్ మ్యాప్ తీసి కనెక్షన్లు చూపిస్తాం" అంటే దయచేసి డబ్బు కట్టకండి. ఒక గుంపు సగటుకీ ఇంకో గుంపు సగటుకీ తేడా ఉన్నా, రెండు గుంపుల్లోని పిల్లల అంకెలు చాలావరకూ ఒకదాని మీద ఒకటి పడతాయి. బంతి చక్కగా పట్టే పిల్లాడికి తక్కువ అంకె, పట్టలేని పిల్లాడికి ఎక్కువ అంకె రావచ్చు.

మరి ఇన్ని అనుమానాలున్నప్పుడు ఈ పరిశోధన వల్ల మనకేం ఒరిగింది? నాకు మాత్రం చాలా ఒరిగింది. నేను పిల్లల్ని చూసే తీరే మారింది.

బంతి పట్టుకోవడం తీసుకోండి. కంటికి కనిపించింది మెదడుకి చేరి, అక్కడ లెక్కలు తేలి, చేతికి ఆజ్ఞ వచ్చి, చెయ్యి దారి మార్చుకునేసరికి సెకనులో పదో వంతుకి పైనే గడిచిపోతుంది. ఆలోపు బంతి ఇంకెక్కడో ఉంటుంది. కాబట్టి చూసి పట్టుకోవడం అన్నది నిజానికి జరగదు. మెదడు ముందే ఊహించి పట్టుకుంటుంది. చెయ్యి కదిలించమని ఆజ్ఞ వెళ్లేటప్పుడే దాని నకలు ఒకటి చిన్నమెదడుకీ, పెరైటల్ లోబ్‌కీ వెళ్తుంది. "ఈ ఆజ్ఞకి చెయ్యి ఇక్కడికి రావాలి" అని అవి ముందే ఒక అంచనా వేసి పెట్టుకుంటాయి. జరిగింది అంచనాతో కలవకపోతే వెంటనే సర్దుకుంటాయి. డీసీడీ పిల్లల్లో ఈ ముందస్తు అంచనా సరిగా కుదరడం లేదన్నది ఇప్పుడు బలమైన వాదన. చెయ్యి చాపుతుండగా లక్ష్యం ఉన్నట్టుండి పక్కకి జరిగితే మిగతా పిల్లలు దారిలోనే సర్దుకుంటారు. డీసీడీ పిల్లలు సర్దుకుంటారు, కానీ ఆలస్యంగా. ప్రయోగాల్లో ఇది చాలాసార్లు కనిపించింది.

అందుకే వాళ్లు ఎక్కువగా కళ్ల మీద ఆధారపడతారు. మీ బాబు గుండీ పెట్టుకునేటప్పుడు చూడండి, గడ్డం ఛాతీకి ఆనించి కిందికే చూస్తూ ఉంటాడు. పై గుండీ దగ్గర కళ్లకి అందదు కాబట్టి అక్కడ ఓడిపోతాడు.

జ్వికర్ బృందం 2010లో చేసిన ఇంకో చిన్న అధ్యయనం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పిల్లలకి స్కానర్‌లో ఒక గీత వెంట గీసే పని ఇచ్చారు. డీసీడీ పిల్లలూ, మిగతా పిల్లలూ దాదాపు ఒకేలా గీశారు. కానీ లోపల డీసీడీ పిల్లల మెదడు వేరే ప్రాంతాల్ని, ఎక్కువ ప్రాంతాల్ని వాడుకుంది. బయటికి ఒకే పని, లోపల ఎక్కువ శ్రమ. స్కూల్లో ఐదు గంటలు ఇలాగే గడుస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చి చిన్న మాటకే ఏడ్చే పిల్లాణ్ణి "మొండి" అనేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. నేను ఆ నాన్నగారికి కూడా ఇదే చెప్పాను. స్కాన్‌లో కనిపించని కష్టం ఉంటుంది, అది బద్ధకం కాదు అని. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాతి వారం అబ్బాయిని ఆయనే తీసుకొచ్చారు.

ఇక ముందు ఏది, తర్వాత ఏది అన్న ప్రశ్న. కనెక్షన్లు తేడాగా ఉన్నందుకు కదలికలు రాలేదా, కదలికలు తక్కువ చేసినందుకు కనెక్షన్లు అలా తయారయ్యాయా? రెండు వైపులా నడుస్తుందని నా నమ్మకం. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పెద్దవాళ్లకి ఆరు వారాలపాటు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పించి స్కాన్ తీస్తే, వైట్ మ్యాటర్‌లో మార్పు కనిపించింది. వాడే దారి మారుతుంది. ఆటలో ఎవరూ చేర్చుకోక పక్కన నిలబడ్డ పిల్లాడికి వాడే అవకాశమే తగ్గుతుంది. మరోవైపు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో డీసీడీ బాగా ఎక్కువ. గర్భంలో ఇరవై నాలుగు నుంచి ముప్పై రెండు వారాల మధ్య మైలిన్ తయారుచేయబోయే కణాలు చాలా సున్నితంగా ఉంటాయి. అంటే మొదలు ముందే పడి ఉండవచ్చు. కానీ నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా డీసీడీ ఎంతోమందికి ఉంది. "నేను ప్రెగ్నెన్సీలో ఏదో తప్పు చేశానా" అని నన్ను అడగని తల్లి లేదు. మీరూ మనసులో అడుగుతూనే ఉంటారు. లేదమ్మా, మీరు చేసినదాని వల్ల కాదు.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. స్కూలు వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఉంటుంది. ముప్పై మంది క్లాసులో ఒకరో ఇద్దరో. మగపిల్లల్లో ఎక్కువగా గుర్తిస్తారు.

డీసీడీ అని ఎలా తేలుస్తారు? డాక్టర్లు వాడే 2013 నాటి అమెరికన్ రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5 ప్రకారం నాలుగు విషయాలు చూడాలి. వయసుకి తగ్గ కదలిక నైపుణ్యం లేకపోవడం, దానివల్ల రోజువారీ పనులకో చదువుకో అడ్డంకి రావడం, చిన్నప్పట్నుంచే ఉండటం, వేరే నాడీ జబ్బు, చూపు లోపం, బుద్ధిమాంద్యం లాంటివి దానికి కారణం కాకపోవడం. మొదటిదానికి మేం ఎక్కువగా ఎమ్ఏబీసీ-2 అనే పరీక్ష వాడతాం. పెగ్గులు గుచ్చడం, బంతి విసరడం, ఒంటికాలి మీద నిలబడటం లాంటివి చేయించి, అదే వయసు పిల్లల మార్కులతో పోలుస్తాం. రెండోదానికి తల్లిదండ్రుల మాటలే ఆధారం. సాధారణంగా ఐదేళ్లలోపు పేరు పెట్టం, ఎందుకంటే ఆ వయసులో పిల్లల మధ్య తేడాలు ఎక్కువ. ఈ మొత్తంలో స్కాన్ ఎక్కడా లేదు.

అయితే కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒకప్పుడు వచ్చిన పని ఇప్పుడు పోతే. ఒక చెయ్యో ఒక వైపో మాత్రమే బలహీనంగా ఉంటే. తూలడం ఈ మధ్యే మొదలైతే, దానికి తోడు పొద్దున్నే తలనొప్పి, వాంతులు ఉంటే. మూర్ఛ వస్తే. నేల మీంచి లేచేటప్పుడు చేతులు తొడల మీద ఆనించి, తన ఒంటి మీదే పాకి ఎక్కుతున్నట్టు లేస్తే. నా దగ్గరికి ఐదున్నరేళ్ల బాబు ఒకడు "మొరటుగా నడుస్తాడు, మెట్లెక్కలేడు, డీసీడీ ఏమో" అని వచ్చాడు. నేల మీద బ్లాకులతో ఆడించి, "ఇలా రా నాన్నా" అన్నాను. వాడు ముందు పిరుదులు లేపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, తర్వాత తొడల మీద ఆనించి నెమ్మదిగా లేచాడు. పిక్కలు చూస్తే ఆ కాళ్లకి మించి లావుగా ఉన్నాయి. థెరపీ మొదలుపెట్టకుండా ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. రక్తపరీక్షలో కండరాల జబ్బు అని తెలిసింది. అక్కడ కూడా దారి చూపింది మెదడు స్కాన్ కాదు, పిల్లాడు నేల మీంచి లేచిన తీరు. అందుకే డాక్టరు ఒకసారి ఒళ్లంతా పరీక్షించి, నరాలు, కండరాలు చూసి ఉండాలి. మీ బాబుకి అది జరగకపోతే అడిగి చేయించండి.

ఇక అసలు పని: నేర్పడం. పాత పద్ధతుల్లో ముందు "పునాది" బాగుచేయాలనేవారు. ఊయలలో ఊపడం, ఒంటికి బ్రష్ రాయడం, బ్యాలెన్స్ బోర్డు మీద నిలబెట్టడం. పునాది బాగుపడితే గుండీలు, రాత వాటంతటవే వస్తాయని ఆశ. నేనూ కెరీర్ మొదట్లో కొన్నేళ్లు అలాగే చేశాను. పిల్లలు బ్యాలెన్స్ బోర్డు మీద చక్కగా నిలబడటం నేర్చుకున్నారు, గుండీలు మాత్రం అమ్మే పెడుతూ వచ్చింది. 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పని మీద ఆధారపడిన శిక్షణనే సిఫార్సు చేశాయి. సైకిల్ కావాలంటే సైకిల్ మీదే నేర్చుకోవాలి.

నేను ఎక్కువగా వాడేది కో-ఆప్ అనే పద్ధతి. కెనడాలో హెలెన్ పొలటాయ్‌కో, ఏంజెలా మాండిచ్ రూపొందించారు. పిల్లలే తమకి కావాల్సిన మూడు పనులు ఎంచుకుంటారు. మొత్తం పది, పన్నెండు సెషన్లు. ప్రతి పనికీ నాలుగు మెట్లు: ఏం కావాలి, ఎలా చేద్దాం, చేసి చూడు, కుదిరిందా చూడు. పెద్దవాళ్లు జవాబు చెప్పకూడదు, అడగాలి. అన్నిటికంటే కష్టం ఇదే.

షూలేసుతో ఆడుకున్న అబ్బాయి మొదట ఎంచుకున్నది లేసు కాదు, చొక్కా గుండీలు. ఆటల పీరియడ్ తర్వాత బట్టలు మార్చుకునేటప్పుడు అందరూ వెళ్లిపోయి తనొక్కడే మిగిలిపోతున్నాడట. చొక్కా వేసుకుని మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో బట్ట, కుడి చేత్తో గుండీ. గుండీని కాజాలోకి అడ్డంగా తోస్తున్నాడు, అది దూరడం లేదు. రెండు చేతులూ ఒకేసారి చెరో వైపు లాగుతున్నాయి, బట్ట బిగుసుకుపోతోంది. నాలుక బయటికొచ్చింది, భుజాలు చెవుల దాకా లేచాయి. నేను ఆపి, "గుండీ ఎక్కడ ఆగిపోతోంది?" అన్నాను. వాడు చూశాడు. "కన్నంలో సగం." "మరి లోపలికి వెళ్లాలంటే ఏం చేద్దాం?" చాలాసేపు ఆలోచించాడు. చొక్కా విప్పి టేబుల్ మీద పరిచి చూస్తానన్నాడు. అక్కడ గుండీని నిలువుగా తిప్పి దూర్చాడు, సులువుగా పోయింది. "పడుకోబెడితే పోదు, నిలబెడితే పోతుంది" అన్నాడు. ఆ మాట వాడిదే, నేను నోట్సులో రాసుకున్నాను. ఆ తర్వాత రెండో ఉపాయం కూడా వాడే కనిపెట్టాడు: కాజాలోంచి బొటనవేలి కొన ముందే బయటికి పెట్టి ఉంచితే, గుండీ రాగానే వేలికి తగులుతుంది, పట్టి లాగొచ్చు. కింది గుండీ నుంచి మొదలుపెట్టాడు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి. పైదానికి అద్దం కావాలన్నాడు. నాలుగో సెషన్‌కి మొత్తం చొక్కా మూడు నిమిషాల్లోపు.

ఇందులో మెదడు సంగతి ఏముందంటారా? దానంతటదే నడవాల్సిన దారి సరిగా నడవనప్పుడు, ఆలోచన అనే వేరే దారిలోంచి పనిని అక్కడికి చేరుస్తున్నాం. మాటతో, ఆలోచనతో దారి వెతుక్కోవడం ఈ పిల్లల్లో చాలామందికి వీలవుతుంది. ఈ థెరపీకి ముందూ తర్వాతా స్కాన్లు తీసి చూసిన అధ్యయనాలు ఒకటి రెండు వచ్చాయి, మెదడు కనెక్షన్లలో కొంత మార్పు ఉందన్నాయి. నాకు అది సంతోషమే. కానీ ఆ మార్పు స్కాన్‌లో కనిపించకపోయినా ఆ అబ్బాయి చొక్కా వేసుకుంటున్నాడు కదా, నాకు అది చాలు.

ఇంట్లో మీరు చేయగలిగేది కొంచెం చెప్తాను. రోజుకి పదీ పదిహేను నిమిషాలు, ఒకే పని, తొందర లేని వేళలో. బడికి బయల్దేరే ముందు అసలు వద్దు. అప్పుడు మీరే గుండీలు పెట్టండి, అందులో తప్పేం లేదు. "సరిగ్గా పట్టుకో" అనకండి, వాడికి ఆ "సరిగ్గా" ఏమిటో తెలియకే కదా ఇబ్బంది. "ఎక్కడ ఆగింది?" అని అడగండి. బంతి విషయంలో పెద్ద, మెత్తటి బంతితో, దగ్గర నుంచి, నెమ్మదిగా మొదలుపెట్టండి. అంచనా వేసుకోవడానికి మెదడుకి టైమ్ దొరుకుతుంది. రాత సంగతి స్కూలుతో మాట్లాడండి. పరీక్షలో అదనపు సమయం, బోర్డు మీది నోట్సు కాపీ చేయకుండా ముద్రించిన కాగితం ఇవ్వడం, పెద్ద క్లాసుల్లో టైపింగ్. ఇవి జాలితో చేసే సాయాలు కావు. తెలిసిన జవాబు కాగితం మీదికి రావడానికి దారి వేయడం.

ఇంకో మాట. ఈ పిల్లల్లో సగం మందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది. కార్పస్ కాలోజమ్ గురించి పైన చెప్పింది ఊరికే కాదు. రెండూ ఉన్నప్పుడు ఒకదానికే థెరపీ చేస్తే ఫలితం పూర్తిగా రాకపోవచ్చు. మీ బాబు కుదురుగా కూర్చోలేకపోవడం, మాట మధ్యలో లేచిపోవడం లాంటివి ఉంటే అది కూడా పరీక్ష చేయించండి. అలాగే టెన్షన్, దిగులు. ఆటల్లో చేర్చుకోని పిల్లలు ఆటలే మానేస్తారు, ఒళ్లు పెరుగుతుంది, స్నేహాలు తగ్గుతాయి. నేను చూసిన పెద్ద పిల్లల్లో ఎక్కువ బాధపెట్టింది గుండీలు కాదు, ఇదే. అందరితో పోటీ లేని ఈత, నడక, సైకిల్ లాంటి ఒక్కటైనా నిలబెట్టండి.

పెద్దయ్యాక? 50 నుంచి 70 శాతం మందిలో కౌమారం దాకా ఏదో ఒక రూపంలో ఉంటుంది. నేర్చుకున్న పనులు పోవు, కొత్త పని వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాల్సి వస్తుంది. లేసు కట్టడం వచ్చిన పిల్లాడికి పద్దెనిమిదేళ్లకి బండి నడపడం నేర్చుకోవడం మిగతావాళ్లకంటే ఎక్కువ టైమ్ పట్టొచ్చు. ముందే తెలిస్తే కంగారు ఉండదు.

చివరగా, మీరు అడగలేదు కానీ అడిగి ఉంటే బాగుండేది: బాబుకి ఏం చెప్పాలి? ఎనిమిదేళ్ల పిల్లాడు తన గురించి తాను ఏదో ఒక కారణం ఇప్పటికే అనుకుని ఉంటాడు, అది ఎక్కువసార్లు "నేను చేతకానివాణ్ణి" అనే ఉంటుంది. నేను పిల్లలకి ఇలా చెప్తాను: "నీ మెదడుకి చేతులతో మాట్లాడే దారి కొంచెం చుట్టుతిరుగుడు. అందుకే నీకు ఎక్కువసేపు పడుతుంది, అలసట వస్తుంది. మనిద్దరం కలిసి నీకు సరిపోయే దారి వెతుకుదాం. ముందు ఏ పనితో మొదలుపెడదాం?" అప్పుడు ఆగి, వాణ్ణి చెప్పనివ్వండి. మీరు రాత అనుకుంటూ ఉంటారు. వాడు బంతి అనొచ్చు. బంతి అంటే బంతితోనే మొదలుపెట్టండి.